తెర చాటు పాచికలు

మహాభారతములోని నలోపాఖ్యానము తెలుగువారికి చిరపరిచితమైన కథ. నలచక్రవర్తి జూదమున రాజ్యమును పోగొట్టుకొని, బాహుకుడను పేర ఋతుపర్ణ మహారాజునొద్ద సారథిగా కుదిరెను. ఒకనాడు రథము విదర్భకు పోవుచుండగా త్రోవలో ఒక తాండ్రచెట్టు కనబడెను. ఋతుపర్ణుడు దానివంక ఒక్కమారు చూచి, ఆకులెన్నియో కాయలెన్నియో చెప్పివేసెను. సారథి ఆ మాటను వెంటనే నమ్మలేదు. అబద్ధమని త్రోసివేయనూ లేదు. రథము నాపి, దిగి, చెట్టు పడగొట్టి కాయలు లెక్కపెట్టెను. లెక్క సరిపోయినది. అప్పుడతడు ఆశ్చర్యపడి, ఆ రాజువలన అక్షహృదయమును, అనగా పాచికల మర్మమును గ్రహించెను.

పూర్వకాలమున తాండ్రకాయలనే పాచికలుగా వాడుచుండిరి. కావున చెట్టుకాయలను లెక్కించుటకును, జూదపు మర్మమును తెలిసికొనుటకును గల చుట్టరికము మిక్కిలి ప్రాచీనమైనది. రాజుయొక్క విద్య గొప్పదే. కాని రథము దిగి లెక్కపెట్టిన సారథి బుద్ధి అంతకంటెను గొప్పది. చెప్పిన మాట నిజమా కాదా యని తేల్చుకొనుటకు లెక్కను మించిన సాధనము లేదు. ఈనాటి వీడియో గేములలో తెర చాటున దొర్లు పాచికల గుట్టును బయటపెట్టుచున్నదియు ఆ సాధనమే.

1974వ సంవత్సరమున అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను ప్రకటించిరి. ఈ ఆటలో కొందరు బల్లచుట్టును కూర్చుండి తలకొక పాత్రను ధరింతురు. ఒకడు యోధుడు, మరియొకడు మాంత్రికుడు. యోధుడు కత్తి యెత్తినప్పుడు దెబ్బ తగిలినదా, తప్పినదా యనునది పాచిక తీర్పు చెప్పును. పాత్రలను ధరించి యాడుటచే ఇట్టివానికి రోల్ ప్లేయింగ్ గేములని పేరు వచ్చినది. ఇందు దాపరికమేమియు లేదు. పాచికలు అందరి కన్నులయెదుట దొర్లును. నియమములు పుస్తకమున అచ్చయి యుండును.

తరువాత ఈ ఆటలు కంప్యూటరులోనికి ప్రవేశించినవి. పాచిక కనుమరుగైనది. యంత్రము తానే ఒక సంఖ్యను పుట్టించి, దెబ్బ తగిలినదనియో తప్పినదనియో తెరపై చూపును. యంత్రము సంఖ్యను పుట్టించుటకు వాడు పద్ధతులలో ఒకటి మిక్కిలి సులభము. ఒక సంఖ్యను తీసికొని, దానిని వేరొక సంఖ్యచే గుణించి, ఇంకొక సంఖ్యను కూడి, పెద్ద సంఖ్యచే భాగించి శేషమును గ్రహించుట. ఆ శేషమే మరుసటి లెక్కకు ఆరంభము. ఇట్లు వచ్చు సంఖ్యల వరుస చూచువారికి క్రమము లేనట్లు తోచును. నిజమునకు ప్రతి సంఖ్యయు తన ముందున్న సంఖ్యనుండి పుట్టినదే. ఇట్టివానిని యాదృచ్ఛిక సంఖ్యలవలె వాడుదురు.

ఆటగానికి తెరపై కనబడునది ఒక అంకె మాత్రమే. ‘ఈ దెబ్బ తగులుటకు నూటికి 90 పాళ్లు అవకాశము కలదు’ అని తెర చెప్పును. యంత్రము ఆ అంకెను లోపల ఎట్లు వాడుచున్నదో తెర చెప్పదు. అంకె నిజమేనా? ఆటగాడు ఎట్లు తెలిసికొనగలడు?

వీడియో గేములు పుట్టకముందే ఇట్టి ప్రశ్న అసలు పాచికల విషయమున వచ్చినది. 1894లో వెల్డన్ అను ఆంగ్ల జీవశాస్త్రజ్ఞుడు 12 పాచికలను ఒక్కసారిగా వేయుట ఆరంభించి, 26,306 మారుల ఫలితములను లెక్క వ్రాయించెను. అనగా మొత్తము 3,15,672 పాచికలు దొర్లినవి. పాచికకు ముఖములు ఆరు. అన్నియు సమానమైనచో, 5 గాని 6 గాని పడుట మూడింట ఒక వంతు కావలెను. ఆ లెక్కన 1,05,224 మారులు పడవలెను. వాస్తవముగా పడినవి 1,06,602. అనగా 1,378 ఎక్కువ.

ఇది పెద్ద తేడాయా, చిన్న తేడాయా? నూటికి 33.33 ఉండవలసినది 33.77 అయినది. చేతితో పాచిక వేయువాడు జన్మలో ఈ తేడాను గుర్తింపలేడు. అయినను లెక్క వేరొక మాట చెప్పును. అన్ని పాచికలు దొర్లించినప్పుడు కేవలము అదృష్టవశమున వచ్చు ఒడుదొడుకు సాధారణముగా 265 ప్రాంతమున నుండును. ఇచ్చటి తేడా దానికి ఐదు రెట్లకు మించినది. అదృష్టము అంత దూరము పోదు. కావున ఆ పాచికలు సరియైనవి కావని తేలినది. 1900వ సంవత్సరమున కార్ల్ పియర్సన్ అను గణాంక శాస్త్రజ్ఞుడు తాను కనుగొనిన ‘కై-వర్గ’ పరీక్షను లోకమునకు చూపుచు ఈ లెక్కలనే ఉదాహరణముగా గైకొనెను. ముఖములపై చుక్కలకొఱకు గుంటలు త్రవ్వుటచే ఎక్కువ గుంటలుగల ముఖము తేలికయై పైకి వచ్చుచున్నదని దీనికి సాధారణముగా చెప్పు కారణము.

ఇట్టి పరీక్షకు శాస్త్రీయమైన రూపమును దిద్దినవారిలో రొనాల్డ్ ఫిషర్ ముఖ్యుడు. 1935లో ప్రకటించిన తన గ్రంథమున ఆయన ఒక చిన్న ప్రయోగమును వర్ణించెను. ఒక స్త్రీ, గిన్నెలో ముందు పాలు పోసిరో, తేనీరు పోసిరో రుచిచూచి చెప్పగలనని పలికినది. అప్పుడు ఎనిమిది గిన్నెలు సిద్ధపరుపవలెను. నాలుగింట ముందు పాలు, నాలుగింట ముందు తేనీరు. వానిని కలగలిపి ఆమెకీయవలెను. ఏమియు తెలియక నాలుగు గిన్నెలను ఏరుకొనుటకు 70 విధములు కలవు. అందు సరియైనది ఒక్కటే. కావున కేవలము ఊహచే అన్నియు సరిగా చెప్పుట 70 మారులలో ఒక్కమారు మాత్రమే సంభవించును. ఆమె అన్నియు సరిగా చెప్పినచో, ‘ఇది ఊహ మాత్రమే’ అని వాదించువాని మాట నిలువదు.

ఈ పద్ధతిలో మూడు మెట్లు కలవు. మొదటిది, ‘విశేషమేమియు లేదు’ అను మాటను ముందుగా ఊహించుకొనుట. దీనికి శూన్య పరికల్పన అని పేరు. రెండవది, ప్రయోగము చేసి ప్రతి ఫలితమును వ్రాసికొనుట. మూడవది, శూన్య పరికల్పనయే నిజమైనచో ఇట్టి ఫలితము వచ్చుట ఎంత అరుదో లెక్కించుట. మిక్కిలి అరుదైనచో ఆ పరికల్పనను విడువవలెను. ఈ ఫిషరునొద్ద కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి, 1948లో డాక్టరేటు పొందినవారిలో ఒక తెలుగు విద్యార్థియు కలడు. ఆయనయే కల్యంపూడి రాధాకృష్ణ రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో దాదాపు నాలుగు దశాబ్దములు పనిచేసెను. ఆయన 1948లో ప్రతిపాదించిన పరీక్ష నేటికిని ‘రావు స్కోరు పరీక్ష’ అను పేర ప్రపంచమంతటను వాడుకలో నున్నది. 2023లో గణాంకశాస్త్రపు అంతర్జాతీయ బహుమానము పొంది, ఆ సంవత్సరముననే 102 ఏండ్ల వయస్సున ఆయన దివంగతుడయ్యెను.

ఇక ఈ పద్ధతి వీడియో గేములలో ఎట్లు పనిచేయునో చూడవలెను. జపానులో ‘ఫైర్ ఎంబ్లెమ్’ అను ఆటల వరుస 1990లో ఆరంభమైనది. చదరంగమువలె గడులుగల రణరంగమున యోధులను నడిపించుట ఇందలి ఆట. ప్రతి దెబ్బకు ముందును అది తగులు అవకాశము నూటికి ఎంతయో తెరపై కనబడును. చాల భాగములలో ఒకమారు నేలకొరిగిన యోధుడు మరల తిరిగిరాడు. కావున ఆటగాడు ఆ అంకెను చూచి, గుండె చిక్కబట్టుకొని నిర్ణయము చేయును. అంకె తప్పైనచో నిర్ణయమును తప్పును.

2002లో గేమ్ బాయ్ అడ్వాన్స్ అను చేతిలో పట్టుకొని యాడు యంత్రమునకై ఈ వరుసలో ఒక భాగము వెలువడినది. దానిని ఆడుచున్న ఒకనికి, ‘90 అని చూపిన దెబ్బలు ఇంచుమించు ఎన్నడును తప్పుట లేదే!’ అని అనుమానము కలిగినదనుకొనుడు. అనుమానము రుజువు కాదు. అతడు పది దెబ్బలు వేసి చూచెను. పదియు తగిలినవి. దీనివలన ఏమైనను తేలినదా? తెరపై అంకె నిజమేయైనచో పది దెబ్బలును తగులు అవకాశము 0.9ని పదిమారులు గుణించినంత. అది 0.35 ప్రాంతము. అనగా మూడు మారులలో ఒక్కమారు అట్లు జరుగుట సహజమే. పది దెబ్బల సాక్ష్యము ఎందుకును కొరగాదు.

అతడు ఓర్పు వహించి నూరు దెబ్బలు వేసి, ప్రతిదానిని కాగితముపై గుర్తించెననుకొనుడు. అంకె నిజమైనచో పది తప్పవలెను. తప్పినవి రెండే. పది తప్పవలసినచోట రెండుగాని అంతకు తక్కువగాని తప్పు అవకాశము లెక్కింపగా వేయింటికి రెండు మాత్రమే వచ్చును. ఇంత అరుదైన సంగతి ఊరక జరిగినదనుటకంటె, తెరపై అంకె లోపలి అంకె కాదనుటయే సమంజసము. శూన్య పరికల్పన ఓడినది.

కాని ఓడించుట సగము పనియే. లోపల నిజముగా ఏమి జరుగుచున్నది? యంత్రము ఆటగానిపై జాలిపడి దెబ్బలు తగిలించుచున్నదా? దానిని తెలిసికొనుటకు ఇతర అంకెలనుకూడ పరీక్షింపవలెను. 10 అని చూపిన దెబ్బలను నూరింటిని లెక్కింపగా, తగిలినవి పదికి బదులు రెండు ప్రాంతమున నుండును. 50 అని చూపినవానిలో సగము తగులును. శత్రువుల దెబ్బలును ఇట్లే నడచును. ఇది జాలి కాదు, ఒక నియమము. అంకె సగమునకు పైనున్నచో ఇంకను పైకి పోవుచున్నది. సగమునకు క్రిందనున్నచో ఇంకను దిగుచున్నది.

ఇట్టి స్వభావము దేనికి కలదు? రెండు పాచికలను కలిపి వేసినవారికి ఇది తెలియును. ఒక పాచికలో 1 మొదలు 6 వరకు అన్నియు సమానముగా పడును. రెండింటి మొత్తము అట్లు కాదు. 7 పడుటకు ఆరు దారులు కలవు. 2 పడుటకు ఒక్కటే దారి. నడిమి సంఖ్యలు తరచుగాను, అంచుననున్న సంఖ్యలు అరుదుగాను వచ్చును. కావున యంత్రము ఒక సంఖ్యకు బదులు రెండు సంఖ్యలను పుట్టించి, వాని సగటును వాడుచున్నదని ఊహింపవచ్చును. ఆ ఊహయే నిజమైనది. ఆట ప్రోగ్రామును విప్పి చదివినవారు దానినే అచ్చట కనుగొనిరి.

ఈ లెక్కను ఎనిమిదవ తరగతి విద్యార్థియే చేయవచ్చును. 0 నుండి 99 వరకు గల సంఖ్యలలో రెండింటిని తీయుటకు 10,000 విధములు కలవు. తెరపై 90 ఉన్నప్పుడు సగటు 90 కంటె తక్కువైనచో దెబ్బ తగులును. మొత్తము 180 గాని అంతకు మించిగాని వచ్చినప్పుడే తప్పును. మొత్తము 180 వచ్చుటకు 19 విధములు, 181 వచ్చుటకు 18 విధములు. ఇట్లు తగ్గుచు, 198 వచ్చుటకు ఒకే విధము. 19 మొదలు 1 వరకు కూడగా 190. అనగా పదివేలలో 190 మారులు మాత్రమే దెబ్బ తప్పును. తెరపై 90 అయిన అంకె నిజమునకు 98.10. ఇట్లే 75 అని చూపినది 87.75, 50 అని చూపినది 50.50, 25 అని చూపినది 12.75, 10 అని చూపినది 2.10.

ఇందు ఒక హెచ్చరిక కలదు. నూరు దెబ్బల పరీక్ష 90ని త్రోసివేయగలదు గాని, నిజమైన అంకె 98.10 అనియు 97 కాదనియు చెప్పలేదు. నూరింటిలో రెండు తప్పుటకును, మూడు తప్పుటకును గల తేడా అదృష్టము చేతిలోనిది. 5,000 దెబ్బలు వేసినచో ఒక లెక్కన 95, ఇంకొక లెక్కన 150 తప్పును. అప్పుడు రెండింటిని విడదీయవచ్చును. తేడా ఎంత చిన్నదో, ఓర్పు అంత పెద్దది కావలెను.

యంత్రము అట్లేల చేయవలెనని అడుగవచ్చును. మనుష్యుడు 90 అను అంకెను చూచినప్పుడు పదింట ఒకటి తప్పునని తలపడు, తప్పదనియే తలచును. 2010లో అమెరికాలో జరిగిన గేము నిర్మాతల సభలో సిడ్ మేయర్ అను ప్రసిద్ధ నిర్మాత ఈ సంగతినే చెప్పెను. మూడింటికి ఒకటి చొప్పున బలము తమ పక్షమున నున్నప్పుడు ఓడిపోయినచో, ఆటగాండ్రు ఆట తప్పని నిందించిరట. రెండు సంఖ్యల సగటు ఈ మనుష్య స్వభావమునకు అనుకూలముగా నుండును. అంకె నిజము చెప్పలేదు గాని ఆటగాని మనస్సునకు నిజమువలె తోచినది.

లెక్కపెట్టుటలో మోసపోవు దారులును కలవు. మొదటిది జ్ఞాపకముపై ఆధారపడుట. 90 అని చూపి తప్పిన దెబ్బ ఏండ్ల తరబడి గుర్తుండును. తగిలిన తొమ్మిదియు మరపునకు వచ్చును. అందుచే ప్రతి ఫలితమును అప్పటికప్పుడు వ్రాయవలెను. నచ్చినవానిని ఉంచి నచ్చనివానిని విడిచినచో అది లెక్క కాదు.

రెండవది ఒకే ప్రయోగమును పలుమారులు లెక్కించుట. పైని చెప్పిన ఆటలో నడుమ నిలిపి, మరల తెరచి, అదే యెత్తు వేసినచో అదే ఫలితము వచ్చును. యంత్రము తన సంఖ్యల వరుసను దాచియుంచుటయే ఇందులకు కారణము. ఈ సంగతి తెలియక నూరుమారులు తెరచి అదే దెబ్బ వేసినవాడు నూరు ప్రయోగములు చేసినట్లు కాదు; ఒక్కటే చేసినట్లు.

మూడవది చాల ప్రశ్నలు వేసి, ఒక్క జవాబును పట్టుకొనుట. నూటికి ఐదుమారులు మాత్రమే అదృష్టవశమున జరుగు సంగతిని రుజువుగా గైకొనువాడు, నిజము లేని ఇరువది ఊహలను పరీక్షించినచో, వానిలో ఒకటియైనను నిజమువలె కనబడు అవకాశము నూటికి 64. అందువలన ప్రశ్నను ముందు నిర్ణయించి, ఆ పిమ్మట లెక్క మొదలిడవలెను. ఒకదానిలో విశేషము కనబడినచో, దానిని మాత్రమే మరల క్రొత్తగా పరీక్షింపవలెను.

‘పోకెమాన్’ అను ఆట 1996లో జపానున వెలువడినది. అందు వింత జంతువులపై బంతి విసరి పట్టుకొందురు. బంతి ఊగుచుండగా ఒక బొత్తామును నొక్కి పట్టినచో జంతువు తప్పక చిక్కునని అనేక దేశముల పిల్లలు నమ్మిరి. ఎవ్వరును ఎవ్వరికిని బోధింపకయే ఇట్టి నమ్మకము వేరువేరు చోట్ల పుట్టుట విశేషము. ప్రోగ్రాములో ఆ సమయమున బొత్తామునకు పనియే లేదు. నాణెమునెగురవేసి, బొమ్మ పడినప్పుడు నొక్కి, బొరుసు పడినప్పుడు నొక్కక, చెరి 200 మారులు విసరి లెక్క వ్రాసికొనినవానికి ఈ సంగతి ప్రోగ్రామును చూడకయే తెలియును. 1948లో అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు స్కిన్నర్ పావురములకు నియతకాలమున మేత వేయించెను. పావురము ఏమి చేసినను చేయకున్నను మేత వచ్చును. అయినను మేత వచ్చినప్పుడు తానేమి చేయుచుండెనో దానినే పావురము మరల మరల చేయజొచ్చెను. బొత్తాము నొక్కిన పిల్లల నమ్మకమును ఇట్టిదే.

అన్ని నమ్మకములు వట్టివి కావు. ఆ ఆటలోనే నూటికి నూరుపాళ్లు తగులునని పేరుపడిన దెబ్బలు ఎప్పుడో ఒకమారు తప్పుచుండెను. యంత్రము 0 నుండి 255 వరకు ఒక సంఖ్యను పుట్టించి, అది 255 కంటె తక్కువైనచో దెబ్బ తగిలినదని తీర్పు చెప్పును. సరిగా 255యే వచ్చినప్పుడు తక్కువ కాదు గనుక తప్పును. అనగా 256 మారులలో ఒకమారు. ‘తక్కువ’ అనుటకును ‘తక్కువగాని సమానముగాని’ అనుటకును గల తేడాను నిర్మాతలు పాటింపకపోవుటవలన ఈ లోపము వచ్చినది. నూరు దెబ్బలు వేసినవారిలో మూడింట రెండు వంతులమందికి ఇది కనబడనే కనబడదు. కాని ‘ఎన్నడును తప్పదు’ అను మాటను కూల్చుటకు, ఇతర కారణమేదియు లేనిచోట, నిస్సందేహముగా చూచిన ఒక్క తప్పు చాలును. ‘తరచుగా’ అను మాటను పరీక్షించుటకు వందలు కావలెను. ‘ఎన్నడును’ అను మాటకు ఒక్కటి చాలును.

ఇంతవరకు చెప్పినవి వినోదములు. ధనము ప్రవేశించినచో ఇదే సంగతి న్యాయవిచారణ యగును. దక్షిణ కొరియాలోని నెక్సాన్ సంస్థ ‘మేపుల్‌స్టోరీ’ అను రోల్ ప్లేయింగ్ గేమును నడుపుచున్నది. పాత్రల ఆయుధములకు క్రొత్త శక్తులను కలిగించు ‘క్యూబు’ అను వస్తువును 2010 నుండి అందు విక్రయించిరి. ఏ శక్తి వచ్చునో కొనువానికి ముందు తెలియదు. అది తెర చాటు పాచిక. కొన్ని కోరదగిన శక్తులు వచ్చు అవకాశమును సంస్థ తరువాత తగ్గించినది. అందు కొన్ని శక్తులు మూడు ఒక్కసారిగా కలిసివచ్చు అవకాశమును 2011లో పూర్తిగా సున్నయే చేసినది. ఆటగాండ్రకు ఈ మాట చెప్పలేదు. 2021లో ఆటగాండ్ర ఆందోళన పెరిగి, సంస్థ అవకాశముల లెక్కలను ప్రకటింపవలసి వచ్చువరకు, వారు రాని దానికొఱకు ధనము వెచ్చించుచునే యుండిరి. 2024 జనవరిలో కొరియా ప్రభుత్వపు వ్యాపారన్యాయ సంఘము ఆ సంస్థకు సుమారు 1,160 కోట్ల వాన్‌ల జుర్మానా విధించినది. ఆ సంవత్సరము మార్చి మాసమున, గేములలో విక్రయించు ఇట్టి వస్తువుల సంభావ్యతలను ప్రకటించుట ఆ దేశమున చట్టమైనది. చైనా దేశము 2017లోనే ఇట్టి నిబంధనను తెచ్చియుండెను.

ప్రకటించిన అంకె నిజమో కాదో చూచుటకు మరల లెక్కయే శరణ్యము. రానిదానిని పరీక్షించుటకు ఒక సులభ సూత్రము కలదు. నూటికి ఒకటి వచ్చునని చెప్పిన వస్తువు 300 మారులు ప్రయత్నించినను ఒక్కమారైనను రానిచో, అట్లు అదృష్టవశమున జరుగు అవకాశము నూటికి ఐదు మాత్రమే. వేయింటికి ఒకటి యన్నచో 3,000 మారులు కావలెను. ఒక్కనికి అన్ని ప్రయత్నములు చేయు శక్తి ఉండదు. కాని నూరుగురు కలిసి, రాని ఫలితములనుకూడ దాచక వ్రాసి ఒకచోట చేర్చినచో, ఆ పని సాధ్యమగును. వచ్చినవాడు మాత్రమే చెప్పుకొని, రానివాడు మిన్నకున్నచో ఆ లెక్క చెడిపోవును. నిజము తెలియుటకు ఓడినవారి సాక్ష్యముకూడ అవసరము.

ఈ విద్యకు ఖరీదైన యంత్రములు అక్కరలేదు. ఒక పాచిక, ఒక నోటుపుస్తకము, కొంత ఓర్పు ఉన్నచో చాలును. పాచికను 600 మారులు వేసి, ప్రతి ముఖము నూటికి దగ్గరగా పడినదో లేదో చూడవచ్చును. అలవాటైన పిమ్మట లోకములోని మాటలనుకూడ అట్లే చూడవచ్చును. ఈ మందు పదిమందిలో తొమ్మండుగురికి గుణమిచ్చునని ప్రకటన వచ్చినప్పుడు, ఆ బహుమతి పథకమున అందరికిని అదృష్టము తప్పదని ఒకరు చెప్పినప్పుడు, అడుగవలసిన ప్రశ్నలు మూడే. ఎన్నిమారులు చూచిరి? అన్నింటిని వ్రాసిరా? ఊరకనే అట్లు జరుగు అవకాశమెంత? ఈ మూడింటికి సరియైన జవాబు వచ్చినచో ఆ మాటను నమ్మవచ్చును. రానిచో, చెప్పినవాడు ఎంతటివాడైనను, లెక్కపెట్టి చూచువరకు ఆగుట ఉత్తమము.